పై కొమ్మ ఆకు, కింది కొమ్మ ఆకు

ఎల్దోస్ ఏళ్ల తరబడి పడ్డ కష్టాన్ని తోగ్జాన్ ఒక్క ప్రశ్నతో కూల్చేసింది. వాళ్ల పరిచయం అలా మొదలైంది.

ఆల్మతీ నగరంలో మొక్కల మీద పరిశోధన చేసే ల్యాబ్ అది. ఎల్దోస్ అటవీశాఖ ఉద్యోగం వదిలిపెట్టి అక్కడ కొత్తగా చేరాడు. ఇలీ నది పక్క ఇసుక నేలల్లో పెరిగే తురంగా చెట్ల గురించి ఆరోజు సెమినార్ ఇస్తున్నాడు. తురంగాల్లో ఒకదాని ఆకు వేలెడు వెడల్పు కూడా లేకుండా సన్నగా సాగి ఉంటుందనీ, రెండోదాని ఆకు గుండ్రంగా, అంచున పళ్లతో ఉంటుందనీ, ఇవి రెండూ వేర్వేరు జాతులనీ బొమ్మలు చూపించి మరీ బల్లగుద్ది చెప్పాడు.

వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచింది. కళ్ల కింద నల్లటి చారలు. కోటు జేబులోంచి సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్టు తొంగిచూస్తోంది. ప్రశ్న అడగడానికి కూడా ఓపిక లేనట్టుంది ఆ మొహం.

"మీ సన్నాకు చెట్టు ఎక్కి చూశారా?" అని అడిగింది.

"ఎక్కడమేంటి?"

"పైకొమ్మల్లో ఏ ఆకులున్నాయో చూశారా అని. మీరు కింద నిలబడి, చెయ్యందినంత మేరే కోసుకొచ్చినట్టున్నారు. పెద్ద చెట్టుకి కింద సన్నాకు, పైన గుండ్రాకు. చిన్న చెట్టుకి అన్నీ సన్నాకులే. పైగా అవి వేళ్లనుంచి పిలకలేస్తాయి. మీరు రెండు జాతులన్న చెట్ల డీఎన్ఏ నేను చూశాను. రెండూ ఒకటే చెట్టు."

హాల్లో ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. ఎల్దోస్ ఆ సంగతి పరిశీలిస్తానని చెప్పి కూర్చున్నాడు. చెవులు మాత్రం చాలాసేపు ఎర్రగానే ఉన్నాయి.

ల్యాబ్ పెద్ద రౌషన్ అరవై దాటిన మనిషి; అందరూ మేడమ్ అన్నట్టుగా ఆపాయ్ అంటారు. ఎవరి మొహమాటాలూ ఆవిడకి పట్టవు. ఇద్దరినీ గదిలోకి పిలిచి, ఒకరికి చెట్లు తెలుసు, ఒకరికి జీన్లు తెలుసు, ఇకనుంచి ఇద్దరూ కలిసి ఏడవండి అని తురంగా ప్రాజెక్టు వాళ్ల నెత్తిన పెట్టింది.

ఆ సాయంత్రం టీ దగ్గర ఎల్దోస్ రాజీకొచ్చాడు. పాలు పోసిన టీ కప్పు ఆమె ముందుకి జరిపాడు. తోగ్జాన్ తన సంచిలోంచి బౌర్సాక్‌లు తీసి పెట్టింది. నూనెలో వేయించిన ఆ పిండిముద్దలు పొద్దుటివి కావడంతో గట్టిపడ్డాయి. వాటిని టీలో ముంచుకుంటూ ఇద్దరూ చెట్ల గురించి, బస్సుల గురించి, ఆపాయ్ కోపం గురించి మాట్లాడుకున్నారు. రెండో కప్పు పూర్తయ్యేసరికి ఎల్దోస్‌కి ఆ అలసిన మొహం ఎంత బావుందో అర్థమైపోయింది. అందుకే, అక్కడెవరైనా అడిగే మాటే అయినా కొంచెం భయంగా అడిగాడు, మీరు ఏ వంశం అని.

"మా తాతది నారిన్‌కోల్ ఊరు. ఆల్బన్ వంశం, కిజిల్‌బోరిక్ శాఖ," అంది తోగ్జాన్.

ఎల్దోస్ ఎత్తిన కప్పు దించేశాడు. అతనిదీ ఆల్బన్ వంశమే, కిజిల్‌బోరిక్ శాఖే. మామూలుగా అయితే అబ్బాయి వైపు, అమ్మాయి వైపు ఏడుతరాల తండ్రుల పేర్లు లెక్కపెట్టి, ఎక్కడా కలవకపోతేనే పెళ్లిమాట ఎత్తుతారు. సొంత శాఖలో పిల్లయితే ఆ లెక్క కూడా అక్కర్లేదు. చెల్లెలి వరస, అంతే.

"అయితే నువ్వు నాకు చెల్లెలివన్నమాట," అన్నాడు నవ్వు తెచ్చుకుని.

తోగ్జాన్ అతని వంక ఒక్కక్షణం చూసింది. లేచి కప్పు కడగడానికి వెళ్లిపోయింది.

ఆరోజు నుంచి ఎల్దోస్ అన్నగారి అవతారమెత్తాడు. ఆలస్యమైతే బస్‌స్టాప్ దాకా తోడు వెళ్లేవాడు. పొద్దున్నే మాంసం కూరిన వేడి సంసాలు కొనుక్కొచ్చి ఆమె బల్ల మీద పెట్టేవాడు. పక్క ల్యాబ్ కుర్రాడు ఒకడు ఆమెతో మాటలు పెంచుకోబోతే, మా చెల్లి జోలికి రాకు అని నవ్వుతూనే భుజం గట్టిగా నొక్కి పంపించాడు. మాటకి ముందొక చెల్లెమ్మా, మాటకి వెనకొక చెల్లెమ్మా. ఆ పిలుపు విన్నప్పుడల్లా తోగ్జాన్ పళ్ల బిగువున ఊరుకునేది. అతను మాత్రం అది ఆకలి వల్ల అనుకునేవాడు.

ఇక వాళ్ల పని సంగతి. కింది కొమ్మకైనా పై కొమ్మకైనా జీన్లు అవే. కానీ ఆకు ఆకారం తేలేది మొగ్గలో, కంటికి ఆననంత చిన్నగా ఉన్నప్పుడు. ఆకు వెడల్పవకుండా 'ఇక చాల్లే' అని ఆపే జీన్ ఒకటి ఉందని వాళ్ల అనుమానం. ల్యాబ్‌లో అందరూ దాన్ని చాల్లే జీన్ అనేవాళ్లు. కింది కొమ్మ మొగ్గల్లో అది తొందరగా మేలుకుని గట్టిగా పనిచేస్తే ఆకు సన్నగా మిగిలిపోతుంది. పై కొమ్మల్లో అది నిద్రపోతే ఆకు హాయిగా గుండ్రంగా విచ్చుకుంటుంది. ఇది నిజమో కాదో తేలాలంటే మొగ్గ కోసిన వెంటనే, ఊపిరి తీసుకునే లోపు, ద్రవ నైట్రోజన్ డబ్బాలో వేసి గడ్డకట్టించాలి. లేకపోతే లోపల ఏ జీన్ మేలుకుని ఉందో చెప్పే ఆనవాళ్లు చెరిగిపోతాయి.

చెప్పుకోవడానికి సులువుగానే ఉంది. మొదటి వసంతంలో డబ్బా మూత సరిగ్గా పట్టక, ఆల్మతీ చేరేసరికి నైట్రోజన్ అంతా ఆవిరైపోయి, మొగ్గలు ముద్దయ్యాయి. రెండో వసంతంలో మంచు విరుచుకుపడి మొగ్గలు చెట్టుమీదే మాడిపోయాయి. ఈసారి కూడా రాకపోతే ప్రాజెక్టు మూసేస్తున్నానని ఆపాయ్ చెప్పేసింది. వాళ్లకి దిగులుపడే ఓపిక కూడా మిగల్లేదు. సామాన్లు సర్దుకుని ఇలీ వైపు బయల్దేరారు.

బుహాంకా వ్యాను దారంతా ఎగిరెగిరి పడుతోంది. డ్రైవర్ పెద్దాయన తుర్సున్ ఆగా పాటలు పెట్టుకుని తన లోకంలో తనున్నాడు. నైట్రోజన్ డబ్బాని ఒళ్లో పిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నాడు ఎల్దోస్.

"ఆదివారం మా ఇంటికి వస్తున్నారు," అంది తోగ్జాన్ కిటికీలోంచి చూస్తూనే.

"ఎవరు?"

"చెవిపోగులు పెట్టడానికి."

అబ్బాయి తల్లి వచ్చి అమ్మాయి చెవులకి పోగులు పెట్టిందంటే మాట ఖాయమైపోయినట్టే. ఎల్దోస్ చేతిలో డబ్బా ఒక్కసారిగా బరువెక్కింది. ఎలాంటివాడని అడిగాడు. బ్యాంకులో పనట, మంచివాడట, రెండుసార్లు కలిసి కాఫీ తాగారట. రెండుసార్లూ అతనే మాట్లాడాడనీ, తనకి అదే సుఖంగా ఉందనీ చెప్పింది.

"నీకిష్టమేనా?"

"అలిసిపోయానండీ," అంది తోగ్జాన్. "ఇంటికెళ్తే అమ్మ కన్నీళ్లు. ల్యాబ్‌కొస్తే ముద్దయిన మొగ్గలు. ఇష్టమా కాదా అని కూర్చుని ఆలోచించడానిక్కూడా శక్తి ఉండాలి కదా. వచ్చినవాడు చెడ్డవాడు కాదు. సరే అనేద్దామనుకుంటున్నాను."

ఎల్దోస్ డబ్బా మూత ఇంకోసారి నొక్కి చూశాడు. అన్నగారన్నవాడు ఇప్పుడేం మాట్లాడాలో ఆలోచించాడు.

"సంతోషం చెల్లెమ్మా," అన్నాడు.

తోగ్జాన్ కళ్లు మూసుకుంది. ఇలీ ఒడ్డు చేరేదాకా మళ్లీ తెరవలేదు.

మర్నాడు ఎండ ఎక్కకముందే తురంగా తోపులో పని మొదలైంది. రెండువైపులా మెట్లున్న పాత నిచ్చెన వేశారు. తోగ్జాన్ పైకెక్కి గుండ్రాకు కొమ్మల్లో మొగ్గలు కోస్తోంది. ఎల్దోస్ కింద సన్నాకు మొగ్గలు కోస్తున్నాడు. ఆమె కోసిన మొగ్గ చిన్న గొట్టంలో వేసి జారవిడిస్తే, అతను అందుకుని డబ్బాలో ముంచాలి. డబ్బాలోంచి తెల్లటి పొగ బుసకొడుతోంది. తుర్సున్ ఆగా వ్యానులో గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు.

ఎల్దోస్‌కి రాత్రంతా కంటిమీద కునుకు లేదు. అన్నగా తన ధర్మం తను చేసేస్తే ఈ బాధ తీరిపోతుందని తెల్లవారుజామున ఒక నిర్ణయానికొచ్చాడు.

"ఆదివారం నేనూ వస్తాను," అన్నాడు కిందినుంచి. "మీ తాత పోయాక మీవైపు మగవాళ్లెవరూ లేరన్నావుగా. అతిథుల ముందు మాంసం నేను కోసి పెడతాను. వాళ్లడిగిన వాటికి నేను జవాబు చెబుతాను."

పైనుంచి ఒక గొట్టం పడింది. అందుకుని ముంచాడు.

"మీరెందుకు చెప్పడం?" అంది పైనున్న గొంతు.

"అన్నని కదా."

"ఎవరికి?"

"నీకే. మనది ఒకటే శాఖ. నేనుండగా అమ్మాయి తరఫున ఎవరూ లేరన్న మాట రాకూడదు."

కత్తెర చప్పుడు ఆగిపోయింది.

"మనది ఒకటే శాఖ అని మీకెవరు చెప్పారు?"

"నువ్వే. మొదటిరోజు టీ దగ్గర. మీ తాతది కిజిల్‌బోరిక్ అనలేదూ?"

"అన్నాను. మా తాత. మా అమ్మ వాళ్ల నాన్న."

ఎల్దోస్ తలెత్తి చూశాడు. కొమ్మల సందుల్లోంచి ఆమె బూట్లు, చేతిలో కత్తెర తప్ప ఏమీ కనిపించలేదు.

"మీ ఇంటిపేరు కూడా..."

"తాత పేరే. నాకు రెండేళ్లప్పుడు నాన్న మమ్మల్ని వదిలి ఇంకో సంసారం పెట్టుకున్నాడు. తాత నన్ను తీసుకెళ్లి పెంచాడు. కాగితాల్లో తన పేరు రాయించాడు. ఎవరైనా అడిగితే మా తాతదేంటో చెబుతాను. అడిగిన ప్రతివాళ్లకీ నాన్న కథ విప్పి చెప్పాలా?" కత్తెర మళ్లీ కదిలింది. "మొగ్గ వస్తోంది, పట్టుకోండి."

పట్టుకున్నాడు. ముంచాడు.

"అయితే మీ నాన్నది ఏ వంశం?"

"జలాయిర్. ఉష్తోబె వైపు." ఆమె గొంతు కొంచెం మెత్తబడింది. "తాతకి మా నాన్న పేరెత్తితే ఒళ్లు మండేది. అయినా ఉష్తోబె వెళ్లి, ఆ ఇంటి ముసలివాళ్ల ముందు కూర్చుని, ఏడుగురి పేర్లూ అడిగి తెలుసుకొచ్చాడు. నాతో రోజూ వల్లె వేయించాడు. నాకొద్దు పొమ్మని ఏడిస్తే, నిన్ను పెంచడానికి నా పేరు చాలు, నీ పెళ్లికి మాత్రం వాళ్ల పేర్లే కావాలి తల్లీ అన్నాడు."

ఎవరూ అడగకుండానే ఆమె చెట్టు మీదినుంచి చెప్పడం మొదలుపెట్టింది. నుర్లాన్. నుర్లాన్ తండ్రి సర్సెన్. సర్సెన్ తండ్రి కోజబెక్. కోజబెక్ తండ్రి జాంతోరె. జాంతోరె తండ్రి ఇస్కాక్. ఇస్కాక్ తండ్రి మేండిబాయ్. మేండిబాయ్ తండ్రి శల్తాబాయ్. ఒక్కో పేరుకీ ఒక్కో గొట్టం కిందికి పడుతోంది. ఎల్దోస్ ఒక్కటీ వదలకుండా ముంచుతున్నాడు.

"వీళ్లలో మీవాళ్లెవరైనా ఉన్నారా?" అని అడిగింది చివరికి.

"ఒక్కరూ లేరు."

"అందుకా, ఇన్నాళ్లూ ఆ చెల్లెమ్మా, చెల్లెమ్మా?"

"అందుకే."

ఆమె నిచ్చెన మెట్టు మీద కూర్చుండిపోయింది. ఇప్పుడు మొహం కనిపించింది. కోపం ఉంది, కానీ కోపం కన్నా అలసటే ఎక్కువగా ఉంది.

"ఆ మాట విన్నప్పుడల్లా నేను బస్సులో ఏమనుకుంటూ ఇంటికెళ్లేదాన్నో తెలుసా? ఈ మనిషికి నేను నచ్చలేదు, నొప్పించకుండా పక్కన పెట్టడానికి మర్యాదైన దారి వెతుక్కున్నాడు అనుకునేదాన్ని. సంసాలు కూడా జాలితోనే తెస్తున్నావనుకున్నాను." మీరు కాస్తా నువ్వు అయిపోయింది. ఆ సంగతి ఇద్దరూ గమనించారు. "కింద నిలబడి చేతికందిన ఆకు చూసి చెట్టు జాతి చెప్పేశావు. ఇంటిపేరు చూసి నా వంశం చెప్పేశావు. ఒక్క మెట్టెక్కి చూడాలని ఎప్పుడూ అనిపించదా నీకు?"

ఎల్దోస్ నిచ్చెన దగ్గరికొచ్చాడు. అన్నగారి మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి.

"తోగ్జాన్, నాకు నువ్వంటే ఇష్టం," అన్నాడు. "మొదటిరోజు నుంచీ. చెల్లెమ్మా అని నిన్ను పిలిచింది నీకోసం కాదు, నాకు నేను గుర్తుచేసుకోవడానికి. నిన్న వ్యానులో సంతోషం అన్నాను చూడు, నా బతుకులో అంత పచ్చి అబద్ధం ఎప్పుడూ ఆడలేదు."

ఆమె కళ్లు తుడుచుకుని కత్తెర తీసుకుంది.

"ముందు మొగ్గలు," అంది. "ఎండెక్కుతోంది."

ఇద్దరూ మిగిలిన మొగ్గలన్నీ కోసి ముంచారు, ఆమె కిందికి దిగింది. డబ్బా మూత బిగించి, ఎల్దోస్ దాన్ని ఒకసారి, తోగ్జాన్ ఒకసారి లాగి చూశారు. ఈసారి మూత గట్టిగానే పట్టింది. అప్పుడామె చేతులు దులుపుకుని అతని ఎదురుగా నిలబడింది.

"సరసాలాడే ఓపిక నాకు లేదు ఎల్దోస్. నువ్వన్నది నిజమైతే ఇప్పుడే మీ అమ్మకి ఫోన్ చెయ్యి. రేపంటావో, ఆలోచిద్దామంటావో, నేను ఆదివారం వాళ్లకి సరే అనేస్తాను. ఇంక ఎదురుచూడటం నావల్ల కాదు."

ఎల్దోస్ ఫోన్ తీశాడు. సిగ్నల్ లేదు. ఆ తోపులో సిగ్నల్ దొరికేది నిచ్చెన పైమెట్టు మీదే. అతను ఎక్కాడు, ఆమె కింద నిచ్చెన పట్టుకుంది.

తల్లి ఫోనెత్తి, బతికే ఉన్నావా అని మొదలుపెట్టింది. ఒక అమ్మాయి ఉందని అతను చెప్పాడు. మరుక్షణం ఎవరి పిల్ల, ఎవరి మనవరాలు అని ప్రశ్నలు గుప్పించింది. తల్లివైపు మన శాఖ ఆడపడుచే, దూరం, తండ్రి వైపు జలాయిర్ అన్నాడు. దూరమైతే ఆ లెక్క పట్టదులే, తండ్రి వైపు పేర్లు చెప్పమంది.

"నుర్లాన్, సర్సెన్, కోజబెక్, జాంతోరె..." ఎల్దోస్ అక్కడ తడబడ్డాడు. "జాంతోరె..."

"ఇస్కాక్," అంది తోగ్జాన్ కిందినుంచి.

"ఇస్కాక్. తర్వాత..."

"మేండిబాయ్. శల్తాబాయ్. రెండుసార్లు చెప్పించుకోకు."

"ఎవరిదిరా ఆ గొంతు?" అంది తల్లి.

"ఆ అమ్మాయే."

"అయ్యో రాత. తన పెళ్లికి కావలసిన పేర్లు తనే అందిస్తోందా? అంత చేతకాని కొడుకునా నేను కన్నది?" ఏవో పెదవుల మీదే లెక్కపెట్టుకున్న చప్పుడు వినిపించింది. "ఎక్కడా కలవలేదు. ఫోన్ ఆ పిల్లకివ్వు."

తోగ్జాన్ నిచ్చెనకి రెండోవైపు నుంచి ఎక్కింది. నిచ్చెన కిర్రుమంది. పైమెట్టు దగ్గర అటు ఆమె, ఇటు అతను. ఆమె చేతులకి మొగ్గల బంక అంటుకుందని ఎల్దోసే ఫోన్ ఆమె చెవికి ఆనించి పట్టుకున్నాడు. ఆమె బాగా సర్దుకుని, గొంతు సవరించుకుని, ఎలాంటి ప్రశ్న వచ్చినా జవాబు చెప్పడానికి సిద్ధమైంది. చదువా, ఉద్యోగమా, వయసా, తండ్రా.

"ఏమైనా తిన్నావా తల్లీ?" అంది ఆవిడ.

"లేదండీ," అంది తోగ్జాన్.

"నిద్రపోయావా?"

"సరిగ్గా పోలేదు."

"గొంతే చెబుతోంది. ఎన్నాళ్లనుంచి ఇలా?"

"చాలారోజులైందమ్మా," అంది తోగ్జాన్. చెంపల మీంచి కన్నీళ్లు జారుతున్నా తుడుచుకోవడానికి ఆ బంక చేతులు పనికిరాలేదు.

"సరేలే. ఎల్లుండి శనివారం పొద్దున్నే నేను బయల్దేరి వస్తాను. మీ అమ్మ ఫోన్ నంబరు వాడితో పంపించు, నేను మాట్లాడతాను. పోగులు మా అత్తగారివి, పాతవి, కాస్త బరువే. నువ్వేమీ వండొద్దు, సర్దొద్దు. మేమొచ్చినా లేవొద్దు. ఊరికే కూర్చునుండు, చాలు."

ఫోన్ పెట్టేసింది. తోగ్జాన్ నిచ్చెన మెట్టుకి నుదురానించి అలాగే ఉండిపోయింది. ఎల్దోస్ ఏం చెయ్యాలో తోచక, గాలికి ఆమె మొహాన పడుతున్న కొమ్మని పక్కకి వంచి పట్టుకున్నాడు.

"ఏమంది?" అని అడిగాడు.

"కూర్చోమంది."

ఆమె తలెత్తింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, కానీ అతను ఆమెని చూసిన ఇన్నాళ్లలో మొదటిసారి ఆ మొహంలో అలసట కనిపించలేదు. భుజానికేసి చెంపలు తుడుచుకుని, చెయ్యి చాచింది.

"ఫోన్ ఇలా ఇవ్వు. ఆదివారం ఆ బ్యాంకు వాళ్లని రావద్దనమని మా అమ్మతో చెప్పాలి. పెద్దగా అరుస్తుంది," అంది. "నువ్వు కిందికి దిగి నిచ్చెన గట్టిగా పట్టుకో."